బానెట్ లేని బండి

ఈ ఉదయం ఏడు నలభైకి, నార్తాంప్టన్‌లో మా ఎదురింటివాళ్ళ ఎలక్ట్రిక్ కారు చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. మా అన్నయ్య ఉండి ఉంటే దాన్ని బండి అనేవాడు కాదు.

లీడ్స్‌లో అన్నయ్య గరాజులో ఉండేది హాట్ రాడ్. పాతకాలపు చిన్న కారులో ఎనిమిది సిలిండర్ల పెద్ద వీ-ఎయిట్ ఇంజన్ దించి, అది అందరికీ కనబడాలని బానెట్ తీసేశాడు. వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు, శని ఆదివారాలు ఈ బండి కింద. పెళ్ళికి ఇందులోనే తీసుకెళ్తానని కూతురికి చిన్నప్పుడే మాట ఇచ్చాడు. తీరా ఆ పెళ్ళిరోజు పొద్దున స్టార్ట్ చేస్తే, ముందురోజు దాకా చక్కగా పలికిన ఇంజన్ దగ్గుతూ బండి మొత్తాన్ని ఊపేసింది. పెళ్ళి జరిగే రిజిస్ట్రీ ఆఫీసులో మా టైము దాటితే తరువాతి జంటను పిలుస్తారు.

"టాక్సీ పిలుస్త," అంది వదిన.

"జర ఆగు. తమ్మీ, నువ్వు చెవి పెట్టు."

ఇంజన్ నడుస్తుండగానే, రబ్బరు పిడి పట్టకారుతో స్పార్క్ ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే లాగి మళ్ళీ పెడుతూ పోయాడు. పనిచేసే సిలిండర్ వైరు లాగితే చప్పుడు ఇంకా కుంగాలి. కుంగినప్పుడల్లా నేను తలూపాను. ఒకచోట కుంగలేదు. పక్కదానికీ కుంగలేదు. "ఈ రెండూ!" అని అరిచాను. పట్టుపంచెలో, మోచేతుల దాకా నూనెతో అన్నయ్య గెంతినంత పని చేశాడు. "దొరికినయ్ రా!" ప్లగ్గులు విప్పి చూస్తే బాగానే ఉన్నాయి. అంటే నిప్పురవ్వే వాటిదాకా రావడం లేదు. రవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పాడు. లోపల తడి. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"తియ్యగుందేందే?"

వదిన ముఖం పక్కకు తిప్పుకుంది. మేమంతా స్నానాల్లో ఉండగా బండికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. నీళ్ళు ఆపడానికి బానెట్ లేదు.

"పెండ్లికి పోయే బండికి కాయ కొట్టొద్దా?"

"కొట్టు. ఇంజన్‌కు తాపుడెందుకు?"

మూత తుడిచాం. ఆరబెట్టాల్సిన హెయిర్ డ్రయ్యర్ పెళ్ళికూతురి చేతిలో ఉంది. "డాడ్, సీరియస్లీ?" అంటూనే ఇచ్చి, అక్కడే నిలబడింది. ఈసారి తాళం తిప్పగానే ఇంజన్ ఒక్క గొంతుతో లేచింది. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. తండ్రి నల్లటి చేతులతో, కూతురు సగం ఆరిన జుట్టుతో టైముకు చేరారు.

ఆ సాయంత్రం అన్నయ్య, "నీ చెవి మంచిగుంది, శనివారం రా," అన్నాడు. వెళ్ళాను. తరువాతి శనివారమూ వెళ్ళాను. ఏళ్ళు గడుస్తున్నాయని అప్పుడు తోచలేదు, శనివారాలే గడిచాయి. అన్నయ్య పోయాక బండిని బెల్‌ఫాస్ట్ మనిషి ఒకాయన కొనుక్కున్నాడు.

ఇప్పుడు నేను శనివారాలు లీడ్స్ వెళ్ళడం లేదు.