నేను చెప్పుకున్న సాక్ష్యం

మొన్న ఆదివారం బందరులోని మా చర్చి సంఘంలో నా మనవరాలు సాక్ష్యానికి లేచి, ఆఫీసులో తాను చేసిన పొరపాటును పక్కవారి మీదికి నెట్టబోయి, దేవుడు గద్దించగా ఆగిపోయానని అందరి ముందూ ఒప్పుకుంది. సంఘమంతా స్తోత్రం అంది. నేను మాత్రం రెండు వరుసల ముందు కూర్చున్న ఆమె మేనేజరు వంకే చూస్తూ ఉండిపోయాను.

నేను పెడనలో కలంకారీ అద్దకం షెడ్డులో పనిచేసిన రోజుల్లో మా మేనేజరు కూడా అక్కడి మా సంఘం పెద్దే. పనిలో సార్ అనేవాణ్ణి, ఆరాధనలో అన్నయ్యా అనేవాణ్ణి. మేస్త్రీ పని ఖాళీ అయితే నాకేనని ఆయనే మాటిచ్చారు. ఆ రోజుల్లోనే ఒక ప్రార్థన కూటంలో మనసు కరిగి, కుర్రతనంలో మరో షెడ్డులో అచ్చు తప్పిన దుప్పటిని కట్ట అడుగున దాచేసిన సంగతి చెప్పుకుని ఏడ్చాను. అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నది ఆయనే.

అంతకుముందు నేను మడతపెట్టిన దుప్పట్లను చూడకుండానే కట్ట కట్టించేవారు. ఆ మర్నాటి నుంచి ఒక్కొక్కటీ విప్పి చూడసాగారు. తప్పేదీ దొరక్కపోతే, బాగా దాచాననుకున్నారేమో.

ఆ వేసవిలో కాలవలకు నీళ్ళు ఆపేశారు. అద్దిన గుడ్డను పారే నీళ్ళలోనే జాడించాలి, లేకుంటే వదిలిన రంగు తిరిగి గుడ్డకే అంటుకుంటుంది. ఆర్డరు తొందరని, తొట్టిలో జాడించమన్నది మేనేజరుగారే. దుప్పట్లన్నీ మరకలయ్యాయి. యజమాని అడిగితే, నేను గుమ్మంలో నిలబడి ఉండగానే, "రంగు ఎక్కువ కలిపి దాచేశాడండీ. ఆ అలవాటుందని వాడే చెప్పుకున్నాడు, మా సంఘమంతా విన్నది" అన్నారు. అబద్ధమాడుతున్నవాడి ముఖం కాదది, నిజంగానే నమ్మారు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

మేస్త్రీ పని మరొకరికి వెళ్ళింది. నేను గుడివాడ వెళ్ళి బట్టల కొట్టులో చేరాను. అక్కడా, తర్వాత బందరు వచ్చాకా, ఆరాధన ఒక్క వారమూ మానలేదు. సాక్ష్యాలూ చెప్పాను, జ్వరాలు తగ్గినందుకు, పిల్లలు పాసైనందుకు. నా తప్పు మాత్రం మళ్ళీ ఎన్నడూ చెప్పుకోలేదు.

ఇంటికొచ్చాక మనవరాలిని, అందరి ముందూ అవన్నీ ఎందుకమ్మా అని అడిగాను. "చెప్పింది దేవుడికి కదా తాతయ్యా" అంది.

నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. దేవుడు నా తప్పును ఆ రోజే క్షమించి మరిచిపోయాడని ఈనాటికీ నమ్ముతాను. కానీ ఇప్పుడు ఎవరైనా కన్నీళ్ళతో సాక్ష్యానికి లేస్తే, వెనకటిలా కళ్ళు మూసుకోలేను. ఎవరెవరు వింటున్నారో చూస్తాను.