రోడ్డు మధ్యలో పడ్డ చుక్క

చాండ్లర్ నగరంలో నేను చేస్తున్న సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మాంద్యంలో కొట్టుకుపోయాక నాకు దొరికిన పని, ఒకే ఒక్క ట్రాఫిక్ లైటున్న పల్లె కౌంటీలో, షెరీఫ్ ఆఫీసులో, అంటే అక్కడి జిల్లా పోలీసు ఆఫీసులో. ఆరు నెలల కాంట్రాక్టు. లైంగిక నేరాల్లో శిక్షపడి బయటికొచ్చినవాళ్ల పేర్లు, ఫొటోలు, అడ్రసులు అప్పటికే కౌంటీ వెబ్‌సైట్‌లో పొడవాటి జాబితాగా ఉండేవి. ఎవరైనా చూడొచ్చు. కానీ జాబితా చదవడం జనానికి విసుగట. తమ అడ్రసు కొడితే చుట్టుపక్కల ఎవరెవరున్నారో మ్యాపు మీద ఎర్రచుక్కలై కనబడాలట. ఆ మ్యాపు తయారు చెయ్యడానికి నన్ను పెట్టుకున్నారు.

నా పై అధికారి ఒక లెఫ్టినెంట్. వచ్చే నవంబర్‌లో షెరీఫ్ పదవికి పోటీ చెయ్యబోతున్నాడు. కంప్యూటరంటే ఆయనకు భయం, ఎన్నికలంటే భక్తి. నా పేరు పలకడం ఒక్కసారి ప్రయత్నించి మానుకున్నాడు. తర్వాత ఆరు నెలలూ నేను "మిస్"నే.

పని మొదలుపెట్టిన మూడో వారంలో ఒక లోపం కనిపించింది. టౌనులో ఇళ్లకు సాఫ్ట్‌వేర్ చుక్క సరిగ్గానే పెడుతోంది. పొలాల మధ్య రోడ్ల మీద ఇళ్ల నంబర్లు మాత్రం దానికి తెలియవు. తెలియదని చెబితే బాగుండేది. చెప్పదు. ఆ రోడ్డు పొడవంతా తీసుకుని సరిగ్గా నడిమధ్యన చుక్క పెట్టి ఊరుకుంటుంది. ఆ గుణం ఉన్న మేనేజర్ల కింద అంతకుముందే పనిచేశాను కాబట్టి ఇట్టే గుర్తుపట్టాను. లెక్క చూస్తే అలాంటి చుక్కలు నలభైకి పైగా ఉన్నాయి. ఏ చుక్క ఎవరి వాకిట్లో పడిందో దేవుడికే తెలియాలి.

వెళ్లి లెఫ్టినెంట్‌కు చెప్పాను. ఆయన కాఫీ కప్పు దించకుండానే విన్నాడు.

"చుక్క అసలు లేకపోవడం కంటే ఎక్కడో ఒకచోట ఉండటం నయం కదా, మిస్. జనానికి చుక్కలు కావాలి," అన్నాడు.

ఆ సాయంత్రం మా కన్సల్టెన్సీ ఓనర్‌కు ఫోన్ చేశాను. ఆయనది వరంగల్ వైపు. నాలాంటివాళ్లని ఓ పాతికమందిని దేశమంతా అద్దెకిచ్చి, అందరికీ అన్ననని చెప్పుకునేవాడు.

"అన్నా, మ్యాపులో తప్పులున్నాయి. వేరేవాళ్ల ఇళ్ల మీద చుక్కలు పడుతున్నాయి. క్లయింట్ లైవ్ చెయ్యమంటున్నాడు," అన్నాను.

"నీకెందుకు చెల్లె ఇవన్నీ? క్లయింట్ ఏం చెప్తే అది చెయ్. ఎక్స్‌టెన్షన్ లెటర్ వచ్చిందనుకో, నీ హెచ్‌వన్ వీసా రెన్యూవల్‌కు పరేషాన్ ఉండదు. మంచిగ మెయిల్ ఒకటి కొట్టి పెట్టుకో, రేపు ఏమన్నా అయితే నీ మీదికి రాదు."

తప్పులున్నాయని లెఫ్టినెంట్‌కు మెయిల్ కొట్టి పెట్టుకున్నాను. పేజీ అడుగున "చుక్కలు సుమారు స్థానాన్ని మాత్రమే సూచిస్తాయి" అని చీమతలకాయంత అక్షరాలు బూడిదరంగులో వేశాను. అంతటితో నా మనస్సాక్షి నిద్రపోయింది. దాన్ని నిద్రపుచ్చడం అంత తేలికని అప్పటిదాకా నాకు తెలియదు.

మ్యాపు మొదలైన రోజు స్థానిక పత్రికలో లెఫ్టినెంట్ ఫొటో పడింది. కంప్యూటర్ పక్కన నిలబడి, తనే దాన్ని కనిపెట్టినట్టు నవ్వుతున్నాడు.

ఏ కంప్యూటర్ నుంచి ఏం వెతుకుతున్నారో సర్వర్‌లో నమోదయ్యేది. అది చూడటం నా పనిలో భాగం. పిల్లల క్షేమం కోసమని చెప్పుకున్న ఆ పేజీలో జనం చేసిందేమిటో రోజూ పొద్దున్నే చూసేదాన్ని. మొదట తమ అడ్రసు ఒక్కసారి కొట్టేవాళ్లు. ఆ తర్వాత పేర్లు. మాజీ భర్త పేరు, తోడికోడలు తమ్ముడి పేరు, హైస్కూల్లో బ్యాండు నేర్పే మాస్టారి పేరు. దొరకకపోతే స్పెల్లింగ్ మార్చి మళ్లీ. ఎవరో ఒకే మనిషి పేరు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొడుతూనే ఉన్నారు, కొట్టగా కొట్టగా చివరికి జాబితాలోకి ఎక్కుతాడేమోనని ఆశ కాబోలు. ఒకరోజు నా ఇంటిపేరు కనబడింది, మూడు రకాల తప్పుడు స్పెల్లింగులతో. ఆ కౌంటీలో ఆ ఇంటిపేరున్నది నేనొక్కదాన్నే. మధ్యాహ్నం లంచ్ రూమ్‌లో అందరి ముఖాలూ చూశాను. అందరూ ఎప్పటిలాగే తియ్యగా నవ్వారు. నన్ను వెతికినవాళ్లు ఎవరైనా సరే, నిరాశపడ్డందుకు లోలోపల నవ్వుకున్నాను.

నెల తిరక్కముందే ఒక పెద్దాయన ఆఫీసుకు వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో మడతపెట్టిన కాగితం. లైబ్రరీకి వెళ్లి మా మ్యాపు ప్రింటు తీయించుకుని వచ్చాడు. కౌంటర్ దగ్గర గుమస్తా ముందు దాన్ని పరిచి, తన ఇల్లు ఎక్కడో వేలుపెట్టి చూపించాడు. చుక్క సరిగ్గా ఆయన కోళ్లగూడు మీద ఉంది. ముప్పై ఏళ్లు కౌంటీ స్కూలు బస్సు నడిపి రిటైరయ్యానని చెప్పాడు. ఎవరో తన గేటు దగ్గరున్న పోస్టుబాక్సు విరగ్గొట్టారని, పాక తలుపు మీద ఒక మాట రాశారని చెప్పాడు. ఆ మాట ఏమిటో చెప్పలేదు. చర్చిలో పిల్లల క్లాసులకు కుర్చీలు వేసే పని తనదేనని, ఇక రావద్దన్నారని చెప్పాడు. గొంతు పెంచలేదు.

"ఈ చుక్క ఎవరు పెట్టారో వాళ్లతో మాట్లాడాలి," అన్నాడు.

"అది కంప్యూటర్ పెడుతుందండీ," అంది గుమస్తా. పేజీ అడుగున ఉన్న బూడిదరంగు వాక్యం చూపించింది. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని చదివాడు.

నేను పదడుగుల దూరంలో, అద్దం గోడకు ఇవతల కూర్చుని ఉన్నాను. అంతా వినబడుతోంది. లేవలేదు. కీబోర్డు మీద ఏవో అక్షరాలు కొడుతూ కూర్చున్నాను, అవి ఏ అక్షరాలో కూడా నాకు తెలియదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ కౌంటీలో నేను చూసిన నీచులందరిలోకీ ఆ పూట నాకు నేనే ఎక్కువ రోత పుట్టించాను.

శనివారం కారు తీసుకుని ఆయన ఇల్లున్న రోడ్డుకు వెళ్లాను. జీపీఎస్ చేతిలో పట్టుకుని ఒక్కో ఇంటి దగ్గరా ఆగి, నంబరు చూసి, రాసుకున్నాను. అసలు మనిషి ఆరు మైళ్లు అవతల, వాగు దాటాక, చెట్లలోపల ఒక ట్రెయిలర్ ఇంట్లో ఉన్నాడు. జాబితాలో ఫొటో ఉన్న ముఖమే. మెట్ల మీద కూర్చుని కుక్కను దువ్వెనతో దువ్వుతున్నాడు. అతని పోస్టుబాక్సు నిక్షేపంగా ఉంది. ఆ నెలంతా పెద్దాయన గేటు దగ్గర పౌరుషం చూపించిన కౌంటీ వీరులు ఎవరూ ఇతని దాకా రాలేదు.

తిరిగొస్తూ పెద్దాయన ఇంటిముందు కారు ఆపాను. పాక తలుపుకు తెల్లరంగు వేసుకుంటున్నాడు. కిందనున్న అక్షరాలు ఇంకా మసగ్గా కనబడుతున్నాయి.

"ఆ మ్యాపు చేసింది నేను," అన్నాను.

ఆయన బ్రష్షు డబ్బా మీద అడ్డంగా పెట్టి నన్ను చూశాడు. "మొన్న నేనొచ్చినప్పుడు అద్దం వెనక కూర్చున్నది మీరే కదా?"

"అవును."

"మరి ఎందుకు లేవలేదు?"

కాంట్రాక్టు గురించి చెప్పాను, వీసా గురించి చెప్పాను, లెఫ్టినెంట్‌కు ముందే చెప్పానని, మెయిల్ కూడా ఉందని చెప్పాను. చెబుతున్నకొద్దీ ప్రతి మాటా పేలపిండిలా గాలికి ఎగిరిపోతోంది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"వీసా సంగతులు నాకు తెలియవు," అన్నాడు. "బస్సు సంగతి తెలుసు. రివర్స్ చేసేటప్పుడు వెనక ఏముందో కనబడకపోతే, దిగి వెళ్లి చూడాలి. ప్రతిసారీ."

మళ్లీ బ్రష్షు అందుకున్నాడు.

సోమవారం ఎవర్నీ అడగకుండా ఆయన చుక్క తీసి వాగవతల పెట్టాను. రెండు నిమిషాలు పట్టింది. తర్వాత వరుసగా ఆరు శనివారాలు తిరిగి మిగతా చుక్కలన్నీ చేత్తో సరిచేశాను. అలా సర్దుతుంటే ఆ పెద్దాయనలాంటివాళ్లు ఇంకెంతమంది నోరెత్తకుండా పడి ఉన్నారో అర్థమైంది. ఒక చుక్క ఒక అంగన్‌వాడీ లాంటి చిన్నపిల్లల బడి మీదే పడి ఉంది.

పొరపాటు జరిగిందని పెద్దాయన పేరు మీద ఆఫీసు తరఫున ఒక ఉత్తరం ఇవ్వమని లెఫ్టినెంట్‌ను అడిగాను.

"ఉత్తరం ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. చుక్క తీసేశారుగా. జనం చూసుకుంటారు," అన్నాడు.

జనం చూసుకోలేదు. సర్వర్ నమోదులో రోజూ వెతికాను. చుక్క ఉన్నప్పుడు ఆ రోడ్డు పేరు వందలసార్లు కొట్టినవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా చుక్క పోయాక మళ్లీ కొట్టలేదు. ఒక మనిషి మంచివాడని తెలుసుకోవడానికి ఎవరికి మాత్రం ఆసక్తి?

ఉత్తరం రాదని తేలాక నేనే చర్చికి వెళ్లాను. పిల్లల క్లాసులు నడిపే ఆవిడ నలభై ఏళ్ల మనిషి. చిన్నప్పుడు ఆ పెద్దాయన బస్సులోనే బడికి వెళ్లిందట, ఆ సంగతి తనే చెప్పింది. మ్యాపులో తప్పు నాదని, ఆయనకూ ఆ జాబితాకూ ఏ సంబంధమూ లేదని వివరంగా చెప్పాను. నా చెయ్యి పట్టుకుని మెత్తగా నవ్వింది.

"ఆయన కోసం మేమందరం ప్రార్థిస్తూనే ఉన్నాం," అంది. "కానీ ఊరికే చుక్క పెట్టరు కదా?"

"ఊరికే పెట్టాను. పెట్టింది నేనే," అన్నాను.

ఆవిడ నవ్వు చెదరలేదు. కుకీలు తినమని ప్లేటు జరిపింది. తినకుండా లేచి వచ్చేశాను. అంతకంటే కఠినంగా ఏదైనా అని ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

నవంబర్‌లో లెఫ్టినెంట్ షెరీఫ్ అయ్యాడు. నాకు మరో ఆరు నెలలు ఎక్స్‌టెన్షన్ ఇచ్చారు. "చూశినవా చెల్లె, నేను చెప్పలే?" అన్నాడు అన్న. ఉమ్మెయ్యాలనిపించింది. సంతకం పెట్టాను.

హెర్న్‌డన్ అనే ఊళ్లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయే ముందు వారం పెద్దాయన మళ్లీ కనబడ్డాడు, కిరాణా స్టోర్ లైనులో. లైను పక్కనే ఆగి పలకరించాను. పక్క కౌంటీలో ఒక చర్చికి వెళ్తున్నానని చెప్పాడు, కారులో ముప్పావుగంట దూరమట. మాట్లాడుతుండగానే ఆయన వెనక నిలబడ్డ ఒకామె ఇద్దరు పిల్లల్ని లాక్కుని, నిండు బండి తోసుకుంటూ, పొడవాటి పక్క లైనులోకి మారిపోయింది. ఆయన చూశాడు. నేను చూడటమూ చూశాడు.

"రండి, ఇక్కడ ఖాళీ ఉంది," అన్నాడు.

వెళ్లి ఆయన వెనక నిలబడ్డాను.