కాయలు సుబ్బారావు గారివి, నీడ వంశీది

ఇది ఒక మహాసంగ్రామం కథ. ఇందులో బిడ్డ కోసం రాజ్యాన్ని నిలదీసిన తల్లి ఉంది, అరణ్యం ఉంది, శాసనం ఉంది. కాకపోతే రాజ్యం అంటే మండల విద్యాశాఖ ఆఫీసు, అరణ్యం అంటే బడి ఆవరణలో మూడు మామిడి చెట్లు, శాసనం అంటే వేలంపాట షరతుల్లో నాలుగో లైను. సంగ్రామంలో నా వంతు, స్కూటీ మీద తిరగడం.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల రిసోర్స్ టీచరుగా నూజివీడు పక్కన ఒక ప్రాథమిక పాఠశాల నా బాధ్యతలోకి వచ్చింది నాలుగేళ్ల కిందట, డిసెంబరులో. నేను ముప్పై మూడేళ్లకే రిటైరైన మనిషిని. కాంట్రాక్టు ఉద్యోగంలో ఆ సౌకర్యం ఉంది, ఏటా రిటైరవచ్చు. ప్రస్తుతం హనుమాన్ జంక్షన్‌లో మా అన్నయ్య టైర్ల షాపులో కూర్చుంటున్నాను.

మా పని ఏంటంటే, వైకల్యమో ఆటిజమో ఉన్న పిల్లలు మామూలు బడిలో మిగతా పిల్లల మధ్యే చదువుకునేలా చూడడం. ఒక్కొక్కరికీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాస్తాం. దాని మీద తల్లి, క్లాసు టీచరు, హెడ్మాస్టరు, నేను సంతకాలు పెడతాం. హోదాలో నేను అందరికన్నా కింద. సంతకం మాత్రం నాదే ముందు ఉండేది, రేపు ఏదైనా తేడా వస్తే పట్టుకోవడానికి వీలుగా.

వంశీ అప్పుడు మూడో తరగతి. ఆటిజం ఉన్న పిల్లవాడు. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. లెక్కలు మాత్రం బాగానే చేసేవాడు, మనం చూడనట్టు నటిస్తే. వాడికి పడనిది ఒక్కటే, మధ్యాహ్న భోజనం వేళ స్టీలు పళ్లేల మోత. అది మొదలవగానే చెవులు మూసుకుని పరుగెత్తి, గేటుకి దూరంగా మూలనున్న చిన్నరసం చెట్టు కింద చేరేవాడు. కాసేపు కూర్చుని, "అయిపోయింది" అని, లేచి, నిక్కరు దులుపుకుని తనే క్లాసుకి వచ్చేసేవాడు. ఎవరూ పిలవక్కర్లేదు.

మొదటిరోజు నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. పూత కాలం. కొమ్మల్లోంచి లేతపసుపు వెలుతురు నీళ్లలా కారుతోంది. తేనెటీగల రొద ఎక్కడో నిద్రలో వింటున్నట్టుంది. రాలిన పూత వాడి జుట్టు మీద, నా చున్నీ మీద, ఇద్దరికీ తేడా లేకుండా పడుతోంది. వాడు కళ్ల ముందు వేళ్లు ఆడిస్తూ వెలుతుర్ని ముక్కలు చేసి చూస్తున్నాడు. నేనూ వేళ్లు ఆడించి చూశాను. నిజంగానే బాగుంది. పళ్లేల మోత వేరే ఊళ్లో మోగుతున్నట్టు దూరమైపోయింది, బడి ఆ ఆకుపచ్చ నీళ్ల అవతలి ఒడ్డున ఉంది. ఎంతసేపున్నానో తెలియదు. వాడు "అయిపోయింది" అంటే మెలకువ వచ్చింది. రిజిస్టరులో 'పరిశీలన' అని రాశాను.

ఇక చిక్కు. ఆ మూడు చెట్ల కాపునీ బడి కమిటీ ఏటా పూత మీదే వేలం వేస్తుంది. మా వైపు తోటలకైనా అదే పద్ధతి. పాట పాడుకున్నవాళ్లు కాయ దించుకునేదాకా చెట్టు వాళ్లది, వాళ్ల కాపలా మనిషి ఉంటాడు. నేను రాకముందు ఏప్రిల్‌లో చెట్టు కిందికి పరుగెత్తుకొచ్చిన వంశీని, కాయలకోసం వచ్చాడనుకుని కాపలా మనిషి కర్ర చూపించి అదిలించాడు. వంశీ గేటు దాటి రోడ్డెక్కాడు. మామిడికాయల ట్రాక్టరు ఒకటి సడన్ బ్రేకు వేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ హెడ్మాస్టరు గారికి ఆ బ్రేకు చప్పుడు అప్పటినుంచీ వినిపిస్తూనే ఉంది.

అందుకే ఆయన వంశీ పేరు 'గృహ ఆధారిత విద్య'లోకి మార్చమన్నారు. బడికి రాలేనంత ఇబ్బంది ఉన్న పిల్లల కోసం పెట్టిన ఏర్పాటు అది. రిసోర్స్ టీచరే వారానికోసారి ఇంటికెళ్లి చెప్పాలి. నిజంగా అవసరమైన పిల్లలకి మంచిదే. వంశీ రాలేనివాడు కాదు, రోజూ వస్తున్నవాడు.

"రేపు ఏదన్నా అయితే పేపర్లో నా పేరే వస్తుందమ్మా, చెట్టు పేరు రాదు," అన్నారాయన. చెడ్డవారు కాదు. భయపడ్డవారు.

వంశీ వాళ్లమ్మ నాగలక్ష్మి గారు వరి కోతల మధ్యలో వచ్చారు, చీర కుచ్చిళ్లకి గడ్డి అంటుకుని ఉంది. ఆయన విషయం చెప్పారు. ఆవిడ ఏడవలేదు. నేను ముందుజాగ్రత్తగా తెచ్చుకున్న ఓదార్పు మాటలన్నీ వృథా అయ్యాయి.

"వారానికోసారి మేడంగారొస్తే, మిగతా రోజులు వాడు ఎవర్ని చూడాలండీ? నన్నేనా? నన్ను చూసి చూసి వాడికి ఇప్పటికే విసుగొచ్చేసింది. నాకూ వచ్చిందనుకోండి. బళ్లో పిల్లలు 'వంశీ, వంశీ' అంటారు. మా ఇంటి దగ్గర ఆ పేరు పిలిచేది నేనొక్కదాన్నే."

హెడ్మాస్టరు గారు ఆలోచించి, జనవరిలో వేలం అయ్యేలోపు వాడికి భద్రమైన చోటు చూపిస్తే ఉంచుతాననీ, లేకపోతే పేరు మార్చాల్సిందేననీ అన్నారు.

నేను ప్రణాళికలో 'ప్రశాంత స్థలం' అని రాసి ఆఫీసుకి పంపాను. అదనపు గదికి నిధులు లేవని జవాబు. గది కాదు, చెట్టు నీడ చాలని మళ్లీ రాశాను. స్థలం కొలతలు పంపమన్నారు. టేపు పట్టుకెళ్లి కొలిచాను. నీడ పొద్దున పడమటికి సాగింది, సాయంత్రం తూర్పుకి సాగింది. రెండూ పంపాను. ఏది సరైనదో ధ్రువీకరించమన్నారు. అక్కడితో ఆఫీసు దారి మూసుకుంది. సూర్యుడి సంతకం తేవడం నా పరిధిలో లేదు.

అప్పుడు కాస్త బుర్ర పనిచేసింది. నీడ విద్యాశాఖది కాదు, పాట పాడుకునేవారిది. షరతులు రాసేది బడి కమిటీ, అందులో తల్లిదండ్రులే సభ్యులు. నాగలక్ష్మి గారు రెండు రోజులు ఇంటింటికీ తిరిగి ఒప్పించారు. నాలుగో షరతు ఇలా వచ్చింది: "మూల చెట్టు కింద వంశీ కూర్చోవడానికి పాటదారు గానీ, వారి మనిషి గానీ అభ్యంతరం చెప్పరాదు."

వేలం రోజు వరండాలో హెడ్మాస్టరు గారు షరతులు చదివారు. ఏటా పాడుకునే వ్యాపారి సుబ్బారావు గారు నాలుగో దాని దగ్గర చెయ్యెత్తారు.

"ఇదేంటండీ? చెట్టు పాడుకుంటే నీడా నాదే కదా?"

"నీడ లారీకెక్కదు కదండీ," అన్నాను.

"వాడొక్కడే అంటారు. రేపు వాడి వెనకాల బడంతా వస్తుంది. కాయ పిందెగా ఉండగానే ఉప్పూ కారంతో సహా దిగుతారు. నాకు తెలీదా, నేనూ ఈ బళ్లోనే చదివాను."

"వాడికి మామిడికాయ పడదు అన్నయ్యగారూ, పుల్లగా ఉంటే ఉమ్మేస్తాడు," అన్నారు నాగలక్ష్మి గారు.

"మామిడికాయ తినని పిల్లోడా? నూజివీడులోనా?" ఆయనకి షరతు కంటే అదే ఎక్కువ కష్టంగా ఉన్నట్టుంది.

"అయినా పొద్దస్తమానం అక్కడే కూర్చుంటే మా వోడు చెట్టుకి పురుగుమందెప్పుడు కొట్టాలి?" అన్నారు మళ్లీ ఆయనే.

ఇంతలో భోజనం గంట కొట్టారు. పళ్లేలు మోగాయి. వంశీ చెవులు మూసుకుని మా ముందునుంచే పరుగెత్తి చెట్టు కింద చేరాడు. అందరం అటే చూశాం. గాలి లేదు. పూత రాలుతోంది. చెట్టు ఊపిరి పీలుస్తున్నట్టుంది, కింద పిల్లవాడు దాని లోపలి మాట ఏదో వింటున్నట్టున్నాడు. వంటగదిలో గరిటె పడింది.

తర్వాత వంశీ లేచాడు. "అయిపోయింది" అన్నాడు. నిక్కరు దులుపుకుని, మమ్మల్నందర్నీ దాటుకుని క్లాసులోకి వెళ్లిపోయాడు.

సుబ్బారావు గారు వాడు వెళ్లినవైపు చూసి, "ఇంతేనా?" అన్నారు.

"అంతేనండీ," అన్నారు నాగలక్ష్మి గారు.

"దీనికా ఇంత లిటిగేషను! మా వోడికి చెప్తాలెండి, ఆ టయానికి మందు కొట్టొద్దని. కానివ్వండి, పాట మొదలెట్టండి."

నాలుగో షరతుతోనే పాట సుబ్బారావు గారి పేర ముగిసింది. హెడ్మాస్టరు గారు వంశీ ప్రణాళిక మీద సంతకం పెట్టారు. నాకంటే ముందు పెట్టడం అదే మొదటిసారి. వంశీ ఆ బళ్లోనే నాలుగో తరగతికి వెళ్లాడు.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది: పిల్లవాడికి ఏదైనా కావాల్సి వచ్చినప్పుడు, అది ఎవరి చేతిలో ఉందో ముందు కనుక్కోవాలి. చాలాసార్లు అది మనం అర్జీ పెట్టిన చోట ఉండదు. రెండోది, అడిగేది ఎంత చిన్నదో ఎదుటివాళ్లకి కళ్లారా చూపించాలి. చెబితే పెద్దదిగా వినిపిస్తుంది.

ఆ ఏడాది మూల చెట్టుకి తేనెమంచు పురుగు పట్టి పూతంతా మాడిపోయింది. ఒక్క కాయ నిలవలేదు. సుబ్బారావు గారు దానికి కాపలాయే పెట్టలేదు, నాలుగో షరతు ఎవరికీ అవసరం పడలేదు. ఆ పురుగు వల్ల ఆకులనుంచి కారే జిగురు యూనిఫాం మీద పడితే చన్నీళ్లకి పోదు, గోరువెచ్చని నీళ్లలో సబ్బు వేసి నానబెట్టాలి.