ఈదమ్మ పోసిన నాలుగు చుక్కలు

ఆ చిన్న దవాఖానలో ఈదమ్మ మాటకు ఎదురు లేదు. ఊడ్చేదీ ఆమే, కట్టుగుడ్డలు ఉడకబెట్టేదీ ఆమే, మత్తు ఇచ్చేటప్పుడు కాంపౌండర్ పక్కన నిలబడేదీ ఆమే. ఎవరైనా బీడీతో లోపలికి వస్తే, "మత్తుమందు వాసన సోకితే నిప్పు ఊకుంటదా? అవతలికి నడువు!" అని దులిపేసేది. పదేళ్లలో ఒక్కనాడూ ఏమరలేదు.

నిజాం మీద పోలీస్ చర్య జరిగిన సెప్టెంబరు అది. నల్లగొండ తొవ్వల నిండా మిలటరీ లారీలు. కాంపౌండర్ బుచ్చయ్య భయపడి పెండ్లాం పిల్లలతో ఊరు విడిచాడు. సరిగ్గా ఆ వారమే ఈదమ్మ కూతురు బిక్షమ్మకు గొంతులో కంతి పగిలి నెత్తురు ఆగలేదు. పదహారేళ్ల పిల్ల. పట్నం తీసుకుపోదామంటే బండి కట్టేవాడు లేడు.

"చువ్వ ఎర్రగ కాల్చి పెడితెనే నెత్తురు ఆగుతది," అన్నాడు డాక్టర్ దశరథం. "మత్తు చుక్కలు నువ్వే ఎయ్యాలె. నేను చువ్వ అందుకునే ముందే ముక్కు మీది గుడ్డ తీసెయ్యి."

"గా మాట నాకు చెప్పాల్నా, డాక్టర్‌సాబ్?"

చెప్పినట్టే చేసింది మహాతల్లి. బిడ్డ మత్తులోకి జారగానే గుడ్డ తీసింది, కిటికీలు తెరిచింది. డాక్టర్ చువ్వ కోసం బయట వసారాలోని కుంపటి దగ్గరికి వెళ్లాడు. అంతలో బిక్షమ్మ మూలిగింది, రెప్పలు కదిలించింది. కళ్లు తెరిచి ఆ ఎర్రటి చువ్వను చూస్తే పిల్ల గుండె ఆగిపోతుందనిపించింది తల్లికి. వేరేవాళ్ల బిడ్డయితే "జర ఆగుండ్రి" అని కేకేసేదే. కన్నకడుపు, ఆగలేకపోయింది. గుడ్డ మీద గబగబా నాలుగు చుక్కలు పోసి ముక్కు దగ్గర పెట్టి తీసేసింది. ఆ మాట డాక్టర్‌కు చెప్పలేదు. ఆయన వచ్చి చువ్వను నోట్లోకి దించాడు.

భగ్గుమంది.

తడిగుడ్డతో మంట ఆర్పారు. లోపల కాలినదానికి ఏం పూస్తారు? "నేనే తొందరపడ్డ," అని డాక్టర్ కూలబడ్డాడు.

"మీరు కాదు సాబ్, నేనే పోసిన! నా శేతులతో నేనే పోసిన!" అని ఈదమ్మ నెత్తి బాదుకుంది.

బిక్షమ్మ రెండు రోజులు బతికింది. మాట లేదు. ఏం జరిగిందో ఆ పిల్లకు తెలియదు, చెప్పడానికి తల్లికి నోరు రాలేదు. రెండోనాటి పొద్దున తల్లి కొంగు పట్టి దగ్గరికి లాక్కుంది. కాలిన నోరు తెరిచి వేలితో చూపించింది. పసితనంలో చెయ్యి కాలినప్పుడు అడిగినట్టే, ఊదమని.

ఈదమ్మ ఊదింది. బిడ్డ చెయ్యి కొంగు వదిలేసినా, డాక్టర్ వచ్చి భుజం పట్టుకున్నా, ఊదుతూనే ఉంది.