పడవలు కట్టేవాడు లేడన్నాను

సునామీ వచ్చిన ఏటి నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

ఈ దీవుల్లో, వండూర్ దగ్గర మా రేవులో అప్పన్న చెక్క పడవలు కట్టేవాడు. నాకు బావ వరస. సముద్రం మా పడవలతో పాటు అతని షెడ్డునూ పట్టుకుపోయింది. నెల తిరక్కుండానే నాలుగు కర్రలు పాతి మళ్ళీ పని మొదలుపెట్టాడు. మొదటి పడవ నాకే. నా వెనక మరో ఐదుగురు చెప్పి ఉంచారు.

అంతలో ఒక అధికారి వచ్చాడు. సర్కారు ఉచితంగా పడవలిస్తుందన్నాడు. ఇక్కడ కట్టేవాళ్ళుంటే వాళ్ళ చేతే కట్టిస్తారట. లేకపోతే ఇంజన్లతో సహా ఫైబర్ పడవలు ఓడలో వస్తాయట. రేవు తరఫున మాట్లాడుతున్నది నేనే. అప్పన్న ఉలి చప్పుడు అక్కడికి వినిపిస్తూనే ఉంది.

"కోయీ నహీ, సాబ్," అన్నాను, ఎవరూ లేరని.

ఎందుకన్నాను? పిల్లల ఆకలి అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కాదు. ఇంజను మీద ఆశ.

ఫైబర్ పడవలు దిగాయి. ఆ ఐదుగురూ అప్పన్న పడవలు వద్దన్నారు. నేనూ వద్దన్నాను. సగం కట్టిన నా పడవ పక్కన నిలబడి అప్పన్న అడిగాడు.

"నా పేరు సెప్పినావా బావా?"

"సెప్పినాను. ఆళ్ళే ఇన్లేదు."

"నువ్వైనా సెప్పినావు. అది సాలు."

మరుసటి ఏడే పగడపు రాళ్ళకు తగిలి ఆ పడవలు పగిలాయి. బాగుచేసేవాడు లేడు. అప్పన్న అప్పటికే పనిముట్లు అమ్మేసి, ఆస్టినాబాద్‌లో ఇళ్ళకు తలుపులు బిగించే పనిలో చేరాడు.

సర్కారును తిట్టడంలో నన్ను మించినవాడు లేడు. సముద్రం కూల్చిన షెడ్డును అప్పన్న నెలలో లేపాడు, ఉచితం కూల్చినదాన్ని లేపలేకపోయాడు అంటాను. కష్టపడి బతికేవాళ్ళను వాళ్ళ మానాన వదిలేయాలంటాను. ఆ మాటలు ఇప్పటికీ నిజమనే నమ్ముతాను. ఒక్కడి మాట విని రేవంతటి బతుకునూ తేల్చేసే అధికారం ఎవరికైనా ఎందుకుండాలి? కానీ ఆ ఒక్కడు ఎవడు? మోసం చేసింది సర్కారేనని అప్పన్న నమ్ముతున్నాడు. పక్కనే కూర్చుని నేను తలూపుతున్నాను.

అప్పన్న చదివింది హిందీ బడిలో. తెలుగు చదవలేడు. ఆ ధైర్యంతోనే ఇది తెలుగులో రాస్తున్నాను. ఇదీ పిరికితనమే, తెలుసు. అయినా జరిగింది జరిగినట్టు ఒక్కసారి నా చేతిరాతలో చూసుకున్నాను. కాస్త ఊపిరాడుతోంది.