జీపు నెత్తిన కొబ్బరిచిప్ప

మా ఆయన బంగారరాజు మనుషుల మాట సగమే వినేవారు. ఇంజను మాట మాత్రం పూర్తిగా వినేవారు. వంటింట్లోంచి నేనెంత పిలిచినా పలకని మనిషి, వీధిలో ఎవరి బండికో బోల్టు వదులైన చప్పుడు వస్తే కంచం ముందు నుంచి లేచి వెళ్లి చెప్పొచ్చేవారు. చాలాకాలం మస్కట్‌లో ఎడారి బండ్లు నడిపారు. తిరిగొచ్చేటప్పుడు అందరూ బంగారం తెచ్చుకుంటే, ఈయన ఊళ్లో దిగగానే ఒక పాత డీజిలు జీపు కొన్నారు. ముచ్చటపడి నా పేరున రాయించారు.

మా ఊరు పి.గన్నవరం దగ్గర. మా కొబ్బరితోట గోదావరి పాయ అవతల లంకలో ఉంది. అందరూ నావ మీద దాటతారు, మా ఆయన జీపులో దాటేవారు.

"ఇసకలో ఈదినోడికి నీళ్లొక లెక్కటే, వీరాయమ్మా?" అనేవారు.

ఇసకలో ఈదడమేమిటో నాకు తెలీదు గానీ, నీళ్లలో మాత్రం జీపు తరచూ ఆగిపోయేది. నిజానికి ఆయనే ఆపేవారు. నడి పాయలో ఏ మూల చిన్న చప్పుడు వినబడ్డా ఆయన ప్రాణం ఒప్పుకునేది కాదు. అక్కడికక్కడే ఇంజను ఆపి, పంచె ఎగ్గట్టి దిగి, బానెట్ ఎత్తేవారు. వెనక సైలెన్సరు నీళ్లలో మునిగి ఉంటుంది కదా, ఇంజను ఆగగానే దాంట్లోంచి నీళ్లెక్కేవి. ఇక ట్రాక్టరు రావాలి, తాడు కట్టాలి, రేవులో జనం నవ్వాలి.

ఆ ఏడు వరద తీసిన తరవాత, అలాగే నడుం లోతు నీళ్లలో నిలబడి జ్వరం తెచ్చుకున్నారు. పథ్యం వడ్డిస్తూ చెప్పేశాను.

"ఇంకొక్కసారి బండి ఏట్లో ఆగిందంటే మా అన్నయ్యకి ఇచ్చేస్తాను. మండపేటలో మిల్లుకి కావాలంటన్నాడు."

"నా బండి మీ అన్నయ్యకెందుకే?"

"బండి నా పేరున ఉందండీ. మర్చిపోయేరా?"

ఆయన చారన్నం పిసుకుతూ ఆలోచించారు. "తప్పు బండిది కాదే. సైలెన్సరుది," అని తేల్చారు.

జ్వరం తగ్గగానే అమలాపురంలో మెకానిక్ సాలమోను షెడ్డుకి బయల్దేరారు. "యజమానురాలివి కదా, రా" అని నన్నూ ఎక్కించుకున్నారు. సంగతి విని సాలమోను బుర్ర గోక్కున్నాడు.

"కంపెనీ సైలెన్సరు తీసేసి, ట్రాక్టరుకున్నట్టు నిలువు గొట్టం పెట్టమంటారాండీ? జీపుకాండీ?"

"ఆయ్. నీళ్లందకూడదు."

"అందవండీ. కానండీ, సౌండు..."

"సౌండొస్తే ఏమైందోయ్?"

"ఏమీ అవ్వదండి. మీ వీధిలో గేదెలు పాలివ్వవు, అంతేనండి."

పాత సైలెన్సరు నట్లు తుప్పుపట్టి కదల్లేదు. కోసి తీశాడు. ఇంజను దగ్గర కొత్త ప్యాకింగు వేసి, బయట కొన్న గొట్టాన్ని వంపు తిప్పి బిగించి, బానెట్ పక్కనుంచి పైకి లేపి, అద్దం ఫ్రేముకి క్లాంపులు వేశాడు. అది సరిగ్గా నా సీటు ముందుకొచ్చి నిలబడింది.

"నీ ఎదురుగా ధ్వజస్తంభం ఎత్తించేను. రోజూ దణ్ణం పెట్టుకో," అన్నారు మా ఆయన.

స్టార్టు చేస్తే షెడ్డు రేకుల మీది పావురాలన్నీ లేచిపోయాయి. సాలమోను చెవుల్లో వేళ్లు తీసి ఒక జాగ్రత్త చెప్పాడు. "వానొస్తే గొట్టంలోకి నీళ్లు దిగుతాయండి. ట్రాక్టరోళ్లు డబ్బా బోర్లిస్తారు. మీరూ ఏదోటి బోర్లించండి. తియ్యడం మాత్రం మర్చిపోకండేం."

"కోనసీమలో ఉండి డబ్బాలెందుకోయ్?" అని ఈయన ఇంటికి రాగానే మంచి కొబ్బరిచిప్ప ఏరి బోర్లించారు. గాలికి ఎగిరిపోకుండా చిప్ప కన్నులోంచి కొబ్బరితాడు దూర్చి గొట్టానికి కట్టారు కూడా.

మా తోట చూసుకునే బుజ్జమ్మ మనవరాలికి లంకలో ఓణీల ఫంక్షను వచ్చింది. నావ మాట్లాడమన్నాను. జీపులోనే అన్నారు.

"సరే. నడి పాయలో ఆగకూడదు. నా పట్టుచీర తడవకూడదు. ఏది జరిగినా సాయంత్రానికి అన్నయ్య డ్రైవర్ని పంపిస్తాడు," అన్నాను.

"తడిస్తే తాళం నేనే ఇచ్చేస్తాను," అన్నారు.

మామిడిపండు రంగు చీర కట్టుకున్నాను. గొట్టం అందరికీ కనబడాలని ఆయన జీపు టాపు మడిచేశారు. రాత్రి వాన పడింది. ఆ సంగతి ఇద్దరికీ గుర్తులేదు. రేవు మా ఇంటి పక్కనే, పైగా పల్లం, కాబట్టి బండి మెల్లగా దిగింది. గట్టు మీద మా ఊరివాళ్లు సగంమంది, ట్రాక్టరు శివనాగరాజు తాడుతో సహా, చేరి ఉన్నారు.

"రాజుగారూ, తాడు ఇప్పుడే కట్టెయ్యమంటారా?" అని అరిచాడు శివనాగరాజు.

"దాంతో మీ గేదెని కట్టుకోవోయ్!" అని ఈయన ఏక్సిలేటరు తొక్కారు.

చక్రాలు మునిగాయి. నిలువు గొట్టం గాండ్రించింది. అప్పుడు చూశాను. చిప్ప అక్కడే ఉంది. ఉడుకుతున్న అన్నం మీద మూతలా గొట్టం నెత్తిన ఎగిరెగిరి పడుతోంది. పైకి పోవలసిన పొగంతా దానికి తగిలి, రాత్రి చిప్ప కన్నులోంచి దిగిన నీటిని మసితో కలిపి, నేరుగా నా మీదికి చిమ్ముతోంది. ఆ గాండ్రింపులో చిప్ప చప్పుడు ఆయనకి వినబడలేదు. కళ్లు నీళ్ల మీదే ఉన్నాయి.

ఒక్క మాట చాలు. "ఏవండీ, చిప్ప!" అంటే ఆయన ఇంజను ఆపేస్తారు. నడి పాయలో దిగి తాడు విప్పుతారు. జీపు మండపేట పోతుంది. నేను కోరుకున్నదదే.

నోరు తెరిచి ఆయన వైపు తిరిగాను. స్టీరింగు గట్టిగా పట్టుకుని, పళ్ల మధ్య నాలుక కొస పెట్టుకుని, పలక మీద మొదటిసారి అక్షరం దిద్దే పిల్లాడిలా ఉన్నారు. నోరు మూసుకున్నాను. పమిట ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. అదీ నల్లబడింది.

జీపు ఒక్క చుక్క నీరు లోపలికి రాకుండా లంక గట్టెక్కింది. బుజ్జమ్మ పరుగున వచ్చింది.

"అమ్మగారూ! పట్టుచీరతో పొయ్యి అలికేరేంటండీ?"

మా ఆయన నా వైపు చూడకుండానే మీసం దువ్వారు. "ముందు తడిసిందేమో చూడు, బుజ్జమ్మా."

బుజ్జమ్మ కుచ్చిళ్లు పట్టి చూసింది. "తడవలేదండీ. కానండీ..."

"కానండీ లేదు. గెలిచేను."

అప్పుడు తిరిగి చూశారు. నన్ను చూశారు, తరవాత గొట్టం నెత్తిన ఉన్న దాన్ని చూశారు. మీసం మీది చెయ్యి దిగిపోయింది. నేను వెంటనే ఆకాశంలో కొంగల్ని చూడ్డం మొదలుపెట్టాను. ఆయన గబగబా తాడు తెంపి, చిప్పని లాల్చీ జేబులో దాచేశారు.

"జేబులోంచి పొగొస్తోందేంటండీ?"

"ఏం లేదే," అంటూ ఒంటికాలి మీద గెంతారు.

ఫంక్షనంతా నేను బుజ్జమ్మ నేతచీరలోనే తిరిగాను. సాయంత్రం అన్నయ్యకి ఫోను చేసి, బండి అమ్మడం లేదని చెప్పాను. ఎందుకమ్మా అని పక్కనుంచి మా వదిన అడిగితే, నా పేరున ఉన్నది నేనెందుకు అమ్ముకోవాలి అన్నాను.

పాయ దాటిన కథ మా ఆయన వినేవాళ్లందరికీ చెప్పారు. విననివాళ్లకీ చెప్పారు. చిప్ప ఊసు మాత్రం ఎత్తేవారు కాదు. నేను చూడలేదనుకున్నారు. ఆఖరిదాకా అలాగే అనుకుంటూ వెళ్లిపోయారు.

జీపు మా వాకిట్లోనే ఉంది. మబ్బు పడితే గొట్టం మీద చిప్ప బోర్లించి వస్తాను. తాడు మాత్రం కట్టను.