వదిన చేతి చెంబెడు నీళ్లు

మా వదిన పోయిందన్న కబురు కార్డు మీద వచ్చింది. మూలకు నల్లసిరా పూసి ఉండడంతో పోస్టుమ్యాను దాన్ని నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి, తల వంచుకుని వెళ్లిపోయాడు. మా ఆయన వాకిట్లోనే నిలబడి చదివారు. చావు ఉత్తరం ఇంట్లోకి తేకూడదు కనుక అక్కడే నాలుగు ముక్కలు చేశారు. కార్డు ఆలస్యంగా చేరింది, అప్పటికి దహనం అయిపోయింది, పెద్దకర్మ ఒక్కటే మిగిలింది. "అక్క పోయిందంట" అని ఒక్క మాట అని, ఎద్దులకు మేత వేయడానికి వెళ్లారు. నేను చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతున్నదాన్ని, ఏరుతూనే ఉన్నాను. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి ఏరాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న రోజు వరకూ రాలేదు.

వదిన మా ఆయనకు అక్క, ఎనిమిదేళ్లు పెద్దది. వాళ్లమ్మ పోయేనాటికి ఈయనకు నాలుగేళ్లు. ఒక చంకన తమ్ముణ్ణి, ఇంకో చంకన కడవను పెట్టుకుని బావి నుంచి నడిచి వచ్చేదట. "కడవ పగిలితే ఇంగోటి తెచ్చుకోవచ్చు, వీడు పగిలితే యాడ తెచ్చేది? అందుకే వీణ్ణే గట్టిగా పట్టుకుంటాంటి" అని నవ్వేది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో నెల రోజులు మా ఇంట్లో ఉండి నాకు సంగటి గెలకడం నేర్పింది. నేను ఎలిమెంటరీ బడిలో పంతులమ్మను. పిల్లలకు పాఠం చెప్పమంటే చెబుతాను గాని, సంగటి నా చేతిలో గడ్డలు కట్టేది. ఆమె ఒక్కరోజూ విసుక్కోలేదు. "అచ్చరాలు దిద్దిస్తావు గదా మే, ఇదీ అంతే. చెయ్యి నిలపగూడదు" అనేది. మా ఆయన కోపాన్ని తట్టుకోవడం కూడా ఆమే నేర్పింది. "వాని కోపం శెనక్కాయ పొట్టు మంట. బగ్గుమంటాది గాని సంగటి ఉడకదు. నువ్వు పక్కకు జరుగు, చాలు."

ఆమెకు ఒక అలవాటుండేది. ఇంటికి వచ్చినవాళ్లను నీళ్లు కావాలా అని అడిగేది కాదు. చింతపండుతో తోమిన రాగిచెంబు నిండా ముంచి, రెండు చేతులతో తెచ్చి చేతికిచ్చేది. "అడిగితే మర్యాదకు వద్దంటారు. అడగగూడదు, ఇయ్యల్ల" అనేది. అలా ఇచ్చిన నీళ్లలో ఎన్ని మిగిలినా మళ్లీ కుండలో పోసేది కాదు. మనిషికని ముంచింది ఎవరో ఒకరు తాగాల్సిందే.

ఇప్పుడు తగవు సంగతి చెప్పాలి. మా మామగారు పోయాక బావి కిందున్న పొలం చెక్కను మా ఆయన అమ్మేశారు. అక్కకు చెప్పకుండా అమ్మేశారు. అది వాళ్లమ్మ కలుపు తీసి, నీళ్లు కట్టిన నేల. విషయం తెలిసి వదిన బస్సు దిగి నేరుగా మా వాకిట్లోకి వచ్చి, నలుగురూ వింటుండగా కడిగేసింది. అడగాల్సిన మాటే అడిగింది. తప్పు తనదని తెలిసినప్పుడు మా ఆయన గొంతు ఇంకా పెరుగుతుంది. "ఇంగ నీ ఇంట పచ్చినీళ్లు గూడా ముట్టను, పో!" అని అరిచారు. నేను గడపలోనే నిలబడి ఉన్నాను. వదిన చెంగు బిగించుకుని, వచ్చిన బస్సు తిరిగి వెళ్లేలోపలే ఎక్కేసింది. తొమ్మిదేళ్లు వాళ్లు రాలేదు, మేము పోలేదు.

పోయిన చలికాలం మా శెనక్కాయ చేను పీకితే ఊడలు తప్ప కాయ లేదు. చేసేందుకు పనీ లేదు. బడికి పది రోజులు సెలవులిచ్చారు. ఒకరోజు అన్నం తింటూ ఆయనే అన్నారు, "అక్కను చూసొద్దామా?" అని. నేను ఏమీ అనకుండా బండికి గూడు కట్టించే పనిలో పడ్డాను. కదిలిస్తే మాట మార్చుకునే మనిషి మరి. అయితే తిన్నగా అక్క ఊరికి పోవడానికి ఆయనకు చిన్నతనం. అందుకని ముందు కొత్తచెరువులో ఆయన స్నేహితుడి ఇల్లు, తర్వాత గోరంట్లలో మా పుట్టిల్లు, ఆ తర్వాత లేపాక్షికి ఇవతల ఉన్న వదిన పల్లె అని లెక్క వేశాము. అందరినీ చూస్తూ వచ్చినట్టు ఉంటుంది కదా.

చదివేవాళ్లలో కాలువల సీమవాళ్లుంటే వాళ్లకొక మాట చెప్పాలి. కరువు ఏట మావైపు చుట్టాల ఇంటికి పోయేవాళ్లు తమ నీళ్లు తామే కుండతో బండిలో పెట్టుకుపోతారు. గడప తొక్కుతూనే "ఇప్పుడే తాగి వస్తిమి" అంటారు. ఇంటివాళ్లు బలవంతం చేయరు. అది మా మర్యాద. కొత్తచెరువులో అదే అన్నాము. చివరికి మా అమ్మ దగ్గర కూడా అదే అన్నాను. నాలుగు రోజులకు ఆ మాట నాలుకకు అలవాటైపోయింది.

గోరంట్ల దాటాక ఎదురుగాలి చలి. ఇద్దరం ఒకే గొంగడి కప్పుకుని ముందర కూర్చున్నాము. ఆయన పగ్గాలు పట్టుకుని మాటలు కూడబలుక్కుంటున్నారు.

"అక్కా, తప్పు నాదే అంటే చాలునా?"

"చాలు" అన్నాను.

"ఊరికే నవ్వుతాదేమో."

"నవ్వితే ఇంకా మంచిది."

పల్లెకు ముందర ఒక వంక, వానాకాలపు వాగు, ఉంది. చుక్క నీరు లేదు, అంతా ఇసుక. ఆ ఇసుకలో తోడుకున్న చెలమ చుట్టూ పదిహేనుమంది ఆడవాళ్లు కడవలు పెట్టుకుని కూర్చున్నారు. ఒకామె గుంటలోకి దిగి కొబ్బరిచిప్పతో నీళ్లు తోడుతోంది. చిప్ప తోడాక, మళ్లీ ఊరేదాకా కాచుకోవాలి. ఆయన బండి ఆపి చాలాసేపు చూశారు.

"చూస్తివి గదా. అక్క ఇంట్లో నీళ్ల బొట్టు ముట్టొద్దు. ఈ వయసులో ఆయమ్మ ఈడికొచ్చి కూర్చోవల్ల" అన్నారు.

అంత ప్రేమగా ఆయన మాట్లాడడం నేను ఎక్కువసార్లు వినలేదు. అక్కడే మా కుండలో నిలవ నీళ్లు, బండి కందెన వాసన వేసేవి, చెరో చెంబు తాగి, సద్ది తిని బయలుదేరాము.

వదిన చిక్కిపోయి ఉంది. మేము బండి దిగేలోపలే రాగిచెంబుతో వాకిట్లోకి వచ్చింది. ఎవరని అడగలేదు, ఎప్పుడొస్తిరి అనలేదు. రెండు చేతులతో చెంబు తమ్ముడి ముందు పట్టింది.

"వద్దక్కా, ఇప్పుడే తాగి వస్తిమి" అన్నారాయన.

ఆమె నావైపు చూసింది. నేను కూడా చెయ్యి అడ్డం పెట్టాను. "తాగినాము వదినా."

చెంబు కాసేపు అలాగే గాలిలో ఉంది. తర్వాత దాన్ని అరుగు మీద పెట్టి, "రాండి, కూర్చోండి" అంది. గంటసేపు కూర్చున్నాము. వానల గురించి, పశువుల గురించి మాట్లాడుకున్నాము. తినమంది, తిన్నామన్నాము. దారిపొడుగునా వల్లించిన మాట మాత్రం మా ఆయన అనలేదు. వచ్చినదే చాలు, ఇంక చెప్పేదేముంది అనుకున్నారట. వదిన మాటమాటకీ అరుగు మీది చెంబు వంక చూస్తూ ఉంది. నేనది గమనించాను. గమనించి కూడా, అలిసిన మనిషి అనుకున్నాను.

ఎద్దులను కట్టి బండి ఎక్కాము. వదిన ఒక ఇత్తడి గిన్నెలో ఆ చెంబు నీళ్లు వంచుకుని వచ్చి, కుడిపక్క కట్టే వలపటి ఎద్దు మూతి కింద పట్టింది.

"మీరు తాగకపోతే మానిరి. ఎద్దుకు నాతో పగ లేదు గదప్పా" అంది.

మా ఆయన పెద్దగా నవ్వారు. నేనూ నవ్వాను. తిరుగు దారిలో ఆయన ఉషారుగా ఈల వేశారు. "చూస్తివా, అక్క మునుపటి మాదిరే ఎగతాళి పట్టిస్తాంది. అంతా సర్దుకునింది" అన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు కూడా.

మొన్న పెద్దకర్మకు బస్సులో పోయాము. ఈ ఏడు వానలు పడ్డాయి. ఆ వంక మోకాలి లోతున పారుతుంటే బస్సును ఈవలే ఆపి, మమ్మల్ని నడిచి దాటమన్నారు. చీర కుచ్చెళ్లు తడిసిపోయాయి. వదిన కోడలు వాకిట్లోకి వచ్చింది, చేతిలో అదే రాగిచెంబు.

"ఇప్పుడన్నా తాగు మామా" అంది ఆ పిల్ల. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆ పొద్దు మీరొస్తాండారని ఎవరో చెప్తే, తెల్లారకముందే చెలమ కాడికి పోయి కూర్చునింది. నేను పోతానంటే ఒప్పుకోల్యా. నా తమ్మునికి నేనే తెచ్చుకోవల్ల అనె. మీరు పోయినాక మూడు దినాలు అరుగు మీద నుంచి లేయల్యా. వాడన్న మాట వాడు మరిసిపోల్యా, నీళ్లు ముట్టకుండానే పోయ అనుకుంటా ఉండె. పోయే ముందు దినం గూడా అదే మాట."

అన్నవాళ్లు మరిచిపోతారు, పడ్డవాళ్లు మరవరు అంటారు. మా ఆయన నిజంగానే మరిచిపోయారు. ఆ పిల్ల చెప్పాక, ఎప్పుడన్నాను, ఏమన్నాను అని నన్నే అడిగారు. మరి విన్నదాన్ని నేను? గడపలో నిలబడి చెవులారా విన్నదాన్ని, ఆ రోజు చెయ్యి అడ్డం ఎలా పెట్టాను? ఆమె నాకు చెయ్యి నిలపకుండా గెలకడం నేర్పింది. నేను ఆమె చేతిని గాలిలో నిలబెట్టి వచ్చాను.

ఆయన చెంబు ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగారు. మెడ మీదికి, అంగీ మీదికి కారిపోయాయి. "ఇంగొక చెంబు ఇయ్యమ్మా" అన్నారు. అదీ తాగారు.

ఇంటికి వచ్చాక బట్టలు కూడా మార్చుకోకుండా కొట్టంలోకి వెళ్లారు. ఎంతకీ రాకపోతే నేను వెళ్లి చూశాను. గిన్నె నిండా నీళ్లు పోసి వలపటి ఎద్దు ముందు పట్టుకుని నిలబడి ఉన్నారు. అప్పుడే తొట్టిలో తాగి వచ్చిన ఎద్దు అది, మూతి పెట్టి మర్యాదకు రెండు గుక్కలు తాగింది. దాని మూతి నుంచి కారే చుక్కల కింద ఆయన అరచెయ్యి పట్టారు. వదిన కూడా ఆ రోజు అలాగే పట్టింది, ఒక్క చుక్క కింద పడకుండా. తర్వాత ఆ తడి చేతిని దాని నుదుటికి రాసింది. ఆయన రాయలేదు. చెయ్యి అలా చాచి పట్టుకునే ఉన్నారు. ఆమె చేతి చివరి నీళ్లు తాగినది మా ఇంట్లో ఆ ఎద్దు ఒక్కటే.